వాసన అణువులో ఉందా, ముక్కులో ఉందా?

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో కోక్ ఓవెన్ల వైపు నుంచి గాలి మళ్లిందంటే ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. బొగ్గును గాలి తగలనివ్వకుండా వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో పదహారు, పద్దెనిమిది గంటలు ఉంచితే గట్టిగా మిగిలేది కోక్. ఆవిరై పైకి పోయేదాంట్లో తారు, అమ్మోనియా, బెంజీన్, నాఫ్తలీన్, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటాయి. ఇక్కడ ఉక్కు కర్మాగారం కట్టడానికి 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైంది. అప్పటి నుంచీ ఈ ఊరు ఈ వాసనల మధ్యే పెరిగింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చి సెక్టార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఇవి కొత్త కావు. బై-ప్రొడక్ట్ ప్లాంటులో పనిచేసినవాళ్లు మీటరు చూడకముందే చెప్పేస్తారు: కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడితే హైడ్రోజన్ సల్ఫైడ్, బీరువాలో కలరా ఉండల వాసన తగిలితే నాఫ్తలీన్, ముక్కు భగ్గుమంటే అమ్మోనియా. (ఆ మంటలో సగం వాసన కానే కాదు. ముఖానికి నొప్పి, స్పర్శ తెలిపే ట్రైజెమినల్ నరం పని అది. జలుబుతో ముక్కు మూసుకుపోయినవాడికి కూడా అమ్మోనియా తెలుస్తుంది.)

బొగ్గు తారులో ఇండోల్ అనే పదార్థం కొద్దిగా ఉంటుంది. మల్లెపూలలోనూ అదే ఉంటుంది. చిక్కగా ఉన్నప్పుడు అది మలం కంపు కొడుతుంది. బాగా పల్చన చేస్తే పూల వాసన వస్తుంది. రెండు సందర్భాల్లోనూ అణువు ఒక్కటే, దాని ఆకారంలో రవ్వంత తేడా లేదు. ముక్కులోకి ఎన్ని అణువులు చేరాయన్నదొక్కటే మారింది. వాసన అనేది పదార్థానికి ఉండే గుణమని మనమంతా అనుకుంటాం. ఇండోల్ దగ్గర ఆ నమ్మకం ఇరుకున పడుతుంది.

ఆ నమ్మకానికి మన దగ్గర పెద్ద శాస్త్ర గౌరవమే ఉంది. న్యాయ వైశేషికాల ప్రకారం గంధం పృథివికి మాత్రమే ఉన్న గుణం. నీటికి, గాలికి సొంతంగా వాసన లేదు, వస్తే అది వాటిలో కలిసిన భూమి అంశ వల్లే. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం, ఈనాటికీ తర్కం నేర్చుకునేవాళ్లు మొదట పట్టే పుస్తకం, వాసనలను సురభి, అసురభి అని రెండే రెండుగా విడదీసి ముందుకు సాగిపోతుంది. రంగుకు ఏడు రకాలు, రుచికి ఆరు రకాలు చెప్పిన గ్రంథం వాసనకు వచ్చేసరికి మంచిది, చెడ్డది అని ఊరుకుంది. దాన్ని తప్పు పట్టడానికి లేదు. ఆ తర్వాత మూడు వందల ఏళ్లకు కూడా రసాయన శాస్త్రం అంతకంటే గట్టి వర్గీకరణ ఏదీ ఇవ్వలేకపోయింది.

ఇరవయ్యో శతాబ్దంలో రెండు వాదాలు బయలుదేరాయి. ఒకటి ఆకారం. 1949లో మాంక్రీఫ్, ఆ తర్వాత జాన్ అమూర్ చెప్పినదేమిటంటే, ముక్కులో రకరకాల గుంటలు ఉంటాయి, ఏ అణువు ఏ గుంటలో ఇముడుతుందో దాన్ని బట్టి వాసన తెలుస్తుంది. తాళానికి తాళంచెవి కుదిరినట్టు అన్నమాట. కర్పూరపు వాసన, కస్తూరి వాసన, పుదీనా వాసన ఇలా ఏడు మూల వాసనలు ఉంటాయని, మిగతావన్నీ వాటి కలయికలని అమూర్ ప్రతిపాదించాడు. రెండోది కంపనం. అణువులోని బంధాలు ఎప్పుడూ అదురుతూ ఉంటాయి. ముక్కు పసిగట్టేది ఆ అదురునే అని మాల్కమ్ డైసన్ 1938లో అన్నాడు, తర్వాత రైట్ అన్నాడు, 1996లో లూకా టూరిన్ దానికి క్వాంటమ్ భౌతికశాస్త్రపు బట్టలు తొడిగాడు. రెండు వాదాలకూ మొదట్లో ఉన్న ఇబ్బంది ఒకటే. అణువు వెళ్లి తగిలే వస్తువును, అంటే గ్రాహకాన్ని, 1991 దాకా ఎవరూ పట్టుకోలేదు.

ఆ వస్తువు జన్యువులను 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ ఎలుకలో పట్టుకున్నారు. కణపు పొరను ఏడుసార్లు దాటుతూ మెలికలు తిరిగిన ప్రోటీన్లు అవి, ఆడ్రినలిన్ గ్రాహకాలకూ కంటిలోని రొడాప్సిన్‌కూ బంధువులు. వాళ్లను ఆశ్చర్యపరిచింది వాటి సంఖ్య. ఎలుకలో వెయ్యికి పైగా ఉన్నాయి. మనిషిలో పనిచేసేవి దాదాపు 400, పనిచేయడం మానేసి జన్యువుల్లో శిథిలాలుగా మిగిలినవి అంతకంటే ఎక్కువ. ఆఫ్రికా ఏనుగులో దాదాపు రెండు వేలు. రంగులు చూడటానికి మన కంటికి మూడు రకాల గ్రాహకాలు చాలినప్పుడు ముక్కుకు నాలుగు వందలెందుకు? అమూర్ ఏడు మూల వాసనల లెక్క ఆ రోజుతో తీరిపోయింది. 2004లో బక్, ఆక్సెల్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది.

అణువు గ్రాహకాన్ని తాకాక జరిగేదాన్ని కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే ఈ కథలో అన్నిటికంటే గట్టిగా తెలిసిన భాగం ఇదే. ముక్కు లోపల పైకప్పున, కనుబొమల మధ్య భాగానికి వెనక, చిన్న కణజాలపు ముక్క ఉంటుంది. అందులోని నాడీకణాలు సన్నని నూగు లాంటి సిలియాలను శ్లేష్మంలోకి చాచి ఉంచుతాయి. గ్రాహకాలు ఉండేది ఈ సిలియాల మీద. గాలిలో తేలి వచ్చిన అణువు ముందు శ్లేష్మంలో కరగాలి, అక్కడి నుంచి గ్రాహకపు గుంట చేరాలి. చేరి ఇమిడితే గ్రాహకం రవ్వంత ఒళ్లు విరుచుకుంటుంది. కణం లోపలి వైపున దానికి ఆనుకుని ఉన్న జి-ఓల్ఫ్ అనే ప్రోటీన్ విడివడి అడెనిలిల్ సైక్లేజ్ అనే ఎంజైమును లేపుతుంది. ఆ ఎంజైము సైక్లిక్ ఎ.ఎం.పి. అనే వార్తాహర పదార్థాన్ని కుప్పలుగా తయారుచేస్తుంది. దాంతో పొరలోని ద్వారాలు తెరుచుకుని సోడియం, కాల్షియం లోపలికి దూసుకొస్తాయి. వచ్చిన కాల్షియం ఇంకో రకం ద్వారాలు తెరిస్తే క్లోరైడ్ బయటికి పోతుంది. శరీరంలో చాలా నాడీకణాల్లో క్లోరైడ్ ద్వారం తెరిస్తే కణం శాంతిస్తుంది. ఇక్కడ మాత్రం ఉద్రేకిస్తుంది. చివరికి కణం విద్యుత్ సంకేతం పంపుతుంది. పుర్రె అడుగున జల్లెడలా చిల్లులున్న ఎముక గుండా ఆ తీగ మెదడులోని ఆల్ఫాక్టరీ బల్బ్‌కు చేరుతుంది.

అదే కాల్షియం కాసేపటికి తిరగబడి ఆ ద్వారాలనే మొండిబారుస్తుంది. అగరుబత్తి వెలిగించిన గదిలో పది నిమిషాలు కూర్చుంటే వాసన తెలియకపోవడానికి, కొత్తగా వచ్చిన చుట్టం "ఏంటీ ఈ కంపు?" అన్న చోట ఏళ్లుగా ఉంటున్నవాళ్లకు ఏమీ అనిపించకపోవడానికి మొదటి కారణం అదే. మెదడు వైపు నుంచి వచ్చే అలవాటు దాని మీద అదనం.

ఒక నాడీకణం తన మీద ఒకే రకం గ్రాహకాన్ని పెట్టుకుంటుంది. నాలుగు వందల్లో ఒకటి ఎంచుకుని తక్కిన జన్యువులను మూసేస్తుంది. ఒకే రకం గ్రాహకం ఉన్న కణాలు ముక్కులో ఎక్కడెక్కడ ఉన్నా వాటి తీగలన్నీ బల్బ్‌లో నిర్దిష్టమైన కొద్ది చోట్లే ముడిపడతాయి. అంటే మెదడుకు అందేది ఏ గ్రాహకాలు మోగాయి, ఎంత గట్టిగా మోగాయి అన్న పట్టిక. 1999లో మాల్నిక్, హిరోనో, సాటో, బక్ ఎలుక కణాలపై పరీక్షించి ఆ పట్టిక ఎలా తయారవుతుందో చూపారు. ఒక గ్రాహకం పలు అణువులకు స్పందిస్తుంది, ఒక అణువు పలు గ్రాహకాలను కదిలిస్తుంది, ఏ రెండు అణువులకూ పట్టిక అచ్చంగా ఒకటి కాదు. గాఢత పెంచితే పట్టికలోకి కొత్త గ్రాహకాలు వచ్చి చేరతాయి. ఇండోల్ మల్లెపూవు నుంచి మలం దాకా ఎలా ప్రయాణిస్తుందో ఇప్పుడు ఊహకు అందుతుంది.

అన్నంభట్టుకు కాకపోయినా ఆయన వాదానికి ఇక్కడ జవాబు దొరికింది. వాసన పదార్థంలో లేదు. ముక్కులో ముందుగానే రాసిపెట్టి కూడా లేదు. అణువు, గ్రాహకాల జాబితా, ఆ క్షణంలో ఉన్న గాఢత, ఈ మూడూ కలిసిన చోట అది పుడుతుంది.

ఇక ఆకారమా, కంపనమా అన్న పాత తగాదా. టూరిన్ వాదంలో ఆకర్షణ ఉంది, ఒప్పుకోవాలి. గంధకం-హైడ్రోజన్ బంధపు అదురుకు దగ్గరి అదురు ఉన్న బోరాన్ సమ్మేళనాలు గంధకపు వాసనే వేస్తాయని, ఆకారంలో మాత్రం పోలిక లేదని ఆయన అన్నాడు. గ్రాహకంలో ఎలక్ట్రాన్ ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకుతుందని, మధ్యలో ఉన్న అణువు సరైన పౌనఃపున్యంలో అదిరితేనే ఆ దూకుడు సాధ్యమని ఆయన ఊహ. అయితే బిర్యానీ వండే ఎవరి వంటింట్లోనైనా దీనికి అడ్డు నిలిచే సాక్ష్యం ఉంది. పుదీనా ఘుమఘుమకు, షాజీరా ఘాటుకు మూలం కార్వోన్ అనే ఒకే రసాయనం. పుదీనాలో ఉన్నది దాని ఎడమచేతి రూపం, షాజీరాలో ఉన్నది కుడిచేతి రూపం, అద్దంలో ప్రతిబింబాల్లాగా. రెండింటి కంపనాలూ అక్షరాలా ఒకటే. వాసనలు వేరు. ఎడమకూ కుడికీ తేడా పట్టగలిగేది గుంట ఆకారమే.

తేల్చుకోవడానికి ఇంకో దారి డ్యుటీరియం. అణువులోని హైడ్రోజన్ల స్థానంలో బరువైన డ్యుటీరియాన్ని పెడితే ఆకారం దాదాపు మారదు, కంపనం మారిపోతుంది. 2004లో కెల్లర్, వోషాల్ మనుషులకు అసిటోఫినోన్ రెండు రూపాలూ వాసన చూపించారు, తేడా తెలియలేదు. 2011లో ఈగలకు తేడా తెలుస్తుందని టూరిన్ బృందం ప్రకటించింది. 2013లో కస్తూరి వాసన వేసే పెద్ద అణువుతో మనుషులూ తేడా పట్టారని అదే వర్గం ప్రకటించింది. 2015లో ఎరిక్ బ్లాక్, హిరోకి మత్సునామి తదితరులు మనిషి మాట పక్కన పెట్టి నేరుగా గ్రాహకాన్నే అడిగారు. కస్తూరికి స్పందించే మానవ గ్రాహకాన్ని కణాల్లో పెంచి సాధారణ అణువు, డ్యుటీరియం అణువు రెండూ ఇచ్చారు. స్పందన రెండింటికీ ఒక్కటే. నా దృష్టిలో కంపన వాదానికి అక్కడితో సరి. మనుషుల మీద చేసే పరీక్షలో నమూనాలో దొర్లిన అతి సూక్ష్మ మాలిన్యం కూడా ముక్కుకు తెలిసిపోతుంది. గ్రాహకం మీద చేసే పరీక్షకు ఆ బెడద తక్కువ.

ఇంత ఆలస్యం ఎందుకైందో కూడా చెప్పుకోవాలి. వాసన గ్రాహకాలు మహా మొండివి. ప్రయోగశాలలోని మామూలు కణాల్లో వాటిని తయారుచేయిస్తే పొర మీదికి రాకుండా లోపలే చిక్కుకుపోతాయి. 2004లో మత్సునామి బృందం వాటిని చేయిపట్టి పైకి తెచ్చే సహాయక ప్రోటీన్లను కనిపెట్టాకే ఏ గ్రాహకం ఏ అణువుకు పలుకుతుందో వరసగా చూడటం వీలైంది. ఈనాటికీ మానవ గ్రాహకాల్లో చాలావాటికి జోడీ అణువు తేలలేదు.

అసలు గుంటను కళ్లారా చూసింది ఈ దశాబ్దంలోనే. 2021లో రాకెఫెల్లర్ విశ్వవిద్యాలయంలో వనెస్సా రూటా బృందం ప్రాచీన తెగకు చెందిన ఒక కీటకపు గ్రాహకాన్ని క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీతో చిత్రించింది. కీటకాల గ్రాహకాలు మనవాటికి బంధువులు కావు, అవి స్వయంగా అయాన్ల ద్వారాలే. ఆ గుంటలో లవంగపు వాసనకు మూలమైన యూజెనాల్, దోమల మందులో వాడే డీట్ రెండూ ఒకే చోట కూర్చున్నాయి. రెండింటికీ పోలికే లేదు. గుంట గోడలు నూనె స్వభావం గలవి కావడంతో ఏ ఒక్క బంధం కోసమూ పట్టుబట్టకుండా సుమారుగా సరిపోయినవాటినల్లా రానిస్తాయి.

2023 మార్చిలో మనిషి వంతు వచ్చింది. ఆశిష్ మంగ్లిక్, మత్సునామి బృందాలు ఓ.ఆర్.51ఇ2 అనే గ్రాహకాన్ని ప్రొపియోనేట్‌తో సహా పట్టుకున్నాయి. ప్రొపియోనేట్ మూడు కార్బన్ల చిన్న ఆమ్లం, కొన్ని జున్నుల పుల్లని వాసన దానిదే. గుంట చాలా ఇరుకు, నాలుగు వైపులా మూసుకుపోయింది. అణువులోని రుణావేశపు కొసను ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం ధనావేశంతో గట్టిగా పట్టుకుంది. కార్బన్ తోక మిగిలిన కాస్త చోటులో ముడుచుకుంది. ఆ ఆర్జినిన్ ఉన్నది ఆరో మెలిక మీద. అది లోపలికి లాగబడటంతో ఆ మెలిక తిరిగి, కణం లోపలి వైపు జి-ప్రోటీన్‌కు దారి తెరుచుకుంది. పొడవు తోక ఆమ్లాలకు ఆ గుంటలో చోటు లేదు. పరిశోధకులు గోడలోని పెద్ద అమైనో ఆమ్లాలు తీసి చిన్నవి పెట్టి గుంటను వెడల్పు చేశారు. అంతే, పొడవు ఆమ్లాలు కూడా దాన్ని మోగించసాగాయి. ఆకార వాదానికి ఇంతకంటే సూటి రుజువు అడగలేం. ఒక సవరణతో మాత్రం: పనిచేసింది ఆకారం ఒక్కటే కాదు, ఆకారంతో పాటు విద్యుదావేశం.  2024లో ఇంకో తెగ గ్రాహకాలను కృత్రిమంగా మలిచి చూసినప్పుడు అక్కడ అణువులు అంత బిగుతుగా కాకుండా గుంటలో కదులుతూ కనిపించాయి. నాలుగు వందల గ్రాహకాలకూ ఒకే సూత్రం ఉంటుందని ఆశపడటం ఇక మానుకోవచ్చు.

గంధకం సంగతి ఇంకా తమాషా. వంట గ్యాసుకు సొంత వాసన లేనట్టే లెక్క. లీకు తెలియడానికి ఇథైల్ మెర్‌కాప్టాన్ కలుపుతారు. 1937లో టెక్సాస్‌లోని న్యూ లండన్ బడిలో వాసన లేని గ్యాసు పేలి దాదాపు మూడు వందల మంది, ఎక్కువగా పిల్లలు, చనిపోయాకే ఇలా కలపడం చట్టాల్లోకి ఎక్కింది. మెర్‌కాప్టాన్‌ను మనిషి ముక్కు ఎందుకంత తేలిగ్గా పడుతుంది? 2016లో తేలిన జవాబు: ఓ.ఆర్.2టి11 అనే గ్రాహకం ఈ చిన్న గంధక అణువులకు స్పందిస్తుంది, దానికి తోడుగా రాగి అయాన్ కావాలి. రాగి తీసేస్తే స్పందన పడిపోతుంది. గంధకానికీ లోహాలకూ ఉన్న పాత స్నేహాన్ని ముక్కు వాడుకుంటోందన్నమాట.

ఈ గ్రాహకాలు అందరికీ ఒకలా ఉండవు. కొత్తిమీర కొందరికి సబ్బులా కంపు కొట్టడానికి ఓ.ఆర్.6ఎ2 దగ్గర ఉన్న జన్యు తేడాకు సంబంధం ఉందని 2012లో గుర్తించారు. చేపల కంపుకు మూలమైన ట్రైమిథైలమీన్‌ను పట్టే టి.ఎ.ఎ.ఆర్.5లో మార్పు ఉన్న ఐస్‌లాండ్ వాసులకు ఆ కంపు అంతగా తెలియదని 2020లో తేలింది. "నీ ముక్కుకేమైంది?" అని ఇంట్లో జరిగే వాదులాటల్లో ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు.

అణువు బొమ్మ ఇస్తే వాసన చెప్పగలమా? సగమే. 2023లో యంత్ర అభ్యాసంతో తయారుచేసిన వాసనల పటం విడి అణువుల విషయంలో శిక్షణ పొందిన మనుషుల సగటుకు దగ్గరగా చెప్పగలిగింది. మిశ్రమాల దగ్గర కథ అడ్డం తిరుగుతుంది, ఎందుకంటే ఒక అణువు ఒక గ్రాహకాన్ని మోగిస్తూనే పక్క అణువు మోగించబోయే గ్రాహకాన్ని మూయించగలదు. కొన్నిసార్లు దీనికి విరుద్ధంగా ఒక్క అణువే మొత్తం మిశ్రమాన్ని ఏలుతుంది. ధమ్‌తరి జిల్లా నగరీ ప్రాంతపు దుబ్‌రాజ్ బియ్యం, 2023లో భౌగోళిక గుర్తింపు పొందినది, పొయ్యి మీద ఉడుకుతున్నప్పుడు ఇల్లంతా పట్టే ఆ పరిమళం సువాసన బియ్యాలన్నిటికీ ఉమ్మడి అయిన 2-అసిటైల్-1-పైరోలిన్‌ది. నీళ్లలో వెయ్యి కోట్ల పాళ్లకు ఒక పాలు ఉన్నా మనిషికి తెలిసిపోతుంది. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ఎండాకాలం మొదట్లో రాలే ఇప్పపువ్వులోనూ ఇదే ఉన్నట్టు 1990లలో మన శాస్త్రవేత్తలు గుర్తించారు.

ఇంత చురుకైన ముక్కును నమ్ముకుని ప్రాణాలు నిలుపుకోవచ్చా? భిలాయిలో అడగాల్సిన ప్రశ్న ఇదే, జవాబు వద్దు అనే. హైడ్రోజన్ సల్ఫైడ్ కోటి పాళ్ల గాలిలో ఒక పాలు కూడా లేనప్పుడే కంపు కొడుతుంది. పదివేల పాళ్లకు ఒక పాలు అయ్యేసరికి కొద్ది నిమిషాల్లో ముక్కు పనిచేయడం మానేస్తుంది. కంపు పోయిందని ఊపిరి పీల్చుకున్న క్షణమే అసలు ప్రమాదం. కార్బన్ మోనాక్సైడ్‌కు ఆ మొదటి హెచ్చరిక కూడా లేదు. చిన్న అణువు కాబట్టి వాసన రాదందామంటే, హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా దాదాపు అంతే చిన్నది. మన నాలుగు వందల గ్రాహకాల్లో కార్బన్ మోనాక్సైడ్‌కు పలికేది లేదు, అంతే. రక్తంలోని ఇనుము మాత్రం ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా మక్కువతో దాన్ని పట్టుకుంటుంది. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాసులో అది అయిదో వంతు, అంతకంటే ఎక్కువే ఉంటుంది. 2014 జూన్ 12న భిలాయి కర్మాగారంలో నీటి పంప్ హౌస్ దగ్గర ఆ గ్యాసు బయటపడి ఆరుగురు చనిపోయారు. పెద్ద అధికారులు కూడా వారిలో ఉన్నారు. ఏళ్ల అనుభవం ఉన్న ముక్కులు వాళ్లవి.

ఉక్కు కర్మాగారాల్లో గ్యాసు లైన్ల దగ్గర పనిచేసే ప్రతి ఒక్కరికీ, కాంట్రాక్టు మనిషికైనా సరే, ఒంటిమీద పెట్టుకునే కార్బన్ మోనాక్సైడ్ మానిటర్ ఇవ్వాలి. ఇచ్చినవాళ్లు దాన్ని లాకర్లో పెట్టకూడదు. అది మోగితే వాసన వస్తోందా లేదా అని చూడకుండా బయటికి రావాలి. లోపల పడిపోయినవాడిని తేవడానికి బ్రీదింగ్ సెట్ లేకుండా ఎవరూ వెళ్లకూడదు.